పేరు వినని కాలేజీలో సీటొస్తే: అమెరికా లిబరల్ ఆర్ట్స్ కాలేజీల పేరు ఎక్కడ, ఎవరికి తెలుసో చూసుకునే పద్ధతి

రెండేళ్ల కిందట మార్చి నెలాఖర్లో మా అక్క విజయవాడ నుంచి ఫోన్ చేసింది. "ఏమే, పాపకి కార్ల్‌టన్‌లో సీటొచ్చింది. ఫీజులో చాలా భాగం వాళ్లే ఇస్తామన్నారు. కానీ ఇక్కడ ఒక్కరికీ ఆ పేరు తెలీదు. కన్సల్టెన్సీ ఆయన కూడా మా లిస్టులో లేదంటున్నాడు. పంపించొచ్చా?" అని అడిగింది. గొంతులో టెన్షన్ తెలుస్తోంది.

నేను డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను. ఇక్కడి తెలుగువాళ్లని నలుగుర్ని అడిగితే ముగ్గురు కార్నెగీ మెలన్ అనుకున్నారు. మర్నాడు ఆఫీసులో, మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపొలిస్‌లో పుట్టి పెరిగిన ఒకావిడతో మాటవరసకి అంటే ఆవిడ ముఖం వెలిగిపోయింది. "కార్ల్‌టనా! మా వైపు ఆ సీటు వస్తే వీధంతా చెప్పుకుంటారు" అంది.

కాలేజీ ఒక్కటే. విజయవాడలో దానికి పేరు లేదు, ఫ్రిస్కోలో ఇంకో పేరుతో కలిసిపోయింది, అది ఉన్న మిన్నెసోటాలో మాత్రం అదే పెద్ద పేరు. ఆ తర్వాత మా బంధువుల్లో, స్నేహితుల్లో ఇంకో అయిదారు ఇళ్ల పిల్లలకి ఇదే ప్రశ్న వచ్చింది. వాళ్లతో కూర్చుని చూసిన పద్ధతినే ఇక్కడ అడుగులవారీగా రాస్తున్నాను. మీ అబ్బాయికో అమ్మాయికో ఇలాంటి లిబరల్ ఆర్ట్స్ కాలేజీ నుంచి ఉత్తరం వస్తే, "ఎక్కడా విన్లేదే" అన్న ఒక్క మాట మీద నిర్ణయం తీసుకోకండి.

మొదటి అడుగు: ఇది మన 'ఆర్ట్స్ కాలేజీ' కాదని ఇంట్లో అందరికీ చెప్పడం

మనకి ఆర్ట్స్ అంటే సైన్సు గ్రూపు దొరకనివాళ్లు చేరేదన్న భావం పాతుకుపోయింది. ఆ మాట వినగానే ఇంట్లో పెద్దవాళ్లు డీలా పడిపోతారు. అమెరికాలో లిబరల్ ఆర్ట్స్ కాలేజీ అంటే అర్థం వేరు. లెక్కలు, ఫిజిక్స్, కంప్యూటర్ సైన్స్, బయాలజీ, ఎకనామిక్స్, చరిత్ర, సంగీతం అన్నీ ఒకే చోట నేర్పే చిన్న కాలేజీ అది. చాలావాటిలో మొత్తం విద్యార్థులు 1,500 నుంచి 2,500 మంది దాకా ఉంటారు. దాదాపు అందరూ డిగ్రీ పిల్లలే. ఎమ్మెస్, పీహెచ్‌డీ విద్యార్థులు ఉండరు, ఉన్నా కొద్దిమందే. అందుకని పాఠం చెప్పేదీ, ల్యాబ్‌లో పక్కన నిలబడేదీ ప్రొఫెసర్లే. కాలిఫోర్నియాలోని హార్వీ మడ్ పూర్తిగా సైన్సు, ఇంజినీరింగుల మీద నడుస్తుంది. పెన్సిల్వేనియాలోని స్వార్త్‌మోర్‌లో, మసాచుసెట్స్‌లోని ఆడపిల్లల కాలేజీ స్మిత్‌లో కూడా ఇంజినీరింగ్ డిగ్రీ ఉంది.

ఎమ్మెస్ ఉండదు అన్న ముక్క గుర్తుపెట్టుకోండి. మన అసలు చిక్కంతా అక్కడే ఉంది.

రెండో అడుగు: పేర్ల తికమక తీర్చుకోవడం

పేరు తెలుసు అన్నవాళ్లు కూడా ఒక్కోసారి వేరే పేరుని మనసులో పెట్టుకుని మాట్లాడతారు. అందుకే కాలేజీ పేరు, ఊరు, రాష్ట్రం మూడూ ఒక కాగితం మీద రాసుకోండి.

ఆమ్‌హర్స్ట్ కాలేజ్ 1821లో మొదలైన చిన్న ప్రైవేటు కాలేజీ. అదే ఊళ్లో ఉన్న యూమాస్ ఆమ్‌హర్స్ట్ పెద్ద ప్రభుత్వ విశ్వవిద్యాలయం, 1863లో వ్యవసాయ కాలేజీగా పుట్టింది. మనవాళ్లు ఎక్కువమంది ఎమ్మెస్‌కి వెళ్లేది రెండోదానికి. పొమోనా కాలేజ్ ఉన్నది క్లేర్‌మాంట్ అనే ఊళ్లో. పొమోనా ఊళ్లో ఉన్నది కాల్ పాలీ పొమోనా. వెస్లియన్ యూనివర్సిటీ కనెక్టికట్‌లో ఉంది. ఒహాయో వెస్లియన్, ఇల్లినాయ్ వెస్లియన్, నెబ్రాస్కా వెస్లియన్ వేరే కాలేజీలు. ట్రినిటీ అంటే కనెక్టికట్‌వాళ్లకి హార్ట్‌ఫర్డ్‌లోని కాలేజీ, మా టెక్సస్‌వాళ్లకి శాన్ ఆంటోనియోలోని యూనివర్సిటీ. డిపా ఇండియానాలో ఒక చిన్న పల్లెటూరి కాలేజీ, డిపాల్ షికాగోలో పెద్ద యూనివర్సిటీ. ఆస్టిన్ కాలేజ్ ఆస్టిన్‌లో లేదు, డాలస్‌కి ఉత్తరంగా ఉన్న షెర్మన్‌లో ఉంది. ఇక్కడే పదేళ్లుగా ఉంటున్నవాళ్లు కూడా ఇందులో పొరబడటం నేను చూశాను.

కోల్‌గేట్ యూనివర్సిటీ పేరు వినగానే టూత్‌పేస్ట్ గుర్తొచ్చి పిల్లలు నవ్వుతారు. నిజానికి ఆ సంబంధం ఉంది. ఆ సబ్బుల, పేస్టుల వ్యాపార కుటుంబం ఇచ్చిన విరాళాలకి గౌరవంగానే 1890లో ఆ పేరు పెట్టారు. న్యూయార్క్ రాష్ట్రంలో మంచి పేరున్న సంస్థ అది.

మూడో అడుగు: పేరు ఏ దారిన ప్రయాణిస్తుందో అర్థం చేసుకోవడం

ఇక్కడ కాస్త నిదానంగా ఆలోచించండి. మన దగ్గరే చూడండి. లయోలా అనగానే విజయవాడవాళ్లకి ఆంధ్రా లయోలా, చెన్నైలో చదివినవాళ్లకి నుంగంబాక్కంలోని లయోలా గుర్తొస్తాయి. షికాగోలో ఉండే మనవాళ్లకైతే అక్కడి లయోలా యూనివర్సిటీ. మచిలీపట్నం నోబుల్ కాలేజీ 1843 నాటిది. కృష్ణా జిల్లాలో పాతతరాన్ని అడిగితే గౌరవంగా చెబుతారు, హైదరాబాద్‌లో ఇంటర్ పిల్లల్ని అడిగితే తెలియకపోవచ్చు. అంతమాత్రాన ఆ కాలేజీ విలువ తగ్గలేదు. పేరు అనేది అక్కడ చదివిన మనుషులు వెళ్లిన చోటికి వాళ్లతో పాటే వెళుతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఏడాదికి 500 మంది డిగ్రీ తీసుకునే కాలేజీ నుంచి 40 ఏళ్లలో బయటికొచ్చేది 20,000 మంది. ఏడాదికి 10,000 మంది వచ్చే ప్రభుత్వ విశ్వవిద్యాలయం నుంచి అదే కాలంలో 4 లక్షల మంది. చదువు ఎంత బాగున్నా మొదటి పేరు మన చెవిన పడే అవకాశం ఇరవయ్యో వంతే. దానికి తోడు టీవీలో ఫుట్‌బాల్ ఆడేవి పెద్ద యూనివర్సిటీలు. చిన్న కాలేజీలు చాలావరకు కాలేజీ ఆటల్లో కింది స్థాయి అయిన డివిజన్ 3లో ఆడతాయి, ఆ ఆటలు టీవీలో పెద్దగా రావు. నార్త్ కరొలైనాలోని డేవిడ్‌సన్ పై స్థాయి అయిన డివిజన్ 1లో ఆడే చిన్న కాలేజీ. 2008 మార్చిలో అక్కడి విద్యార్థి స్టెఫెన్ కర్రీ ఆ జట్టుని జాతీయ బాస్కెట్‌బాల్ టోర్నీలో చివరి ఎనిమిది జట్లలోకి తీసుకెళ్లాడు. అప్పటిదాకా కరొలైనా దాటి అంతగా తెలియని పేరు దేశమంతా మోగింది. ఆ నెలకి ముందూ తర్వాతా కాలేజీలో పాఠాలు అవే.

ఇక ప్రాంతాలు. ఈశాన్యంలో ప్రైవేటు కాలేజీలు ముందు పుట్టాయి. విలియమ్స్ 1793, బోడన్ 1794, మిడిల్‌బరీ 1800. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు అక్కడ ఆలస్యంగా పెరిగాయి. అందుకే బోస్టన్, న్యూయార్క్ ఆఫీసుల్లో పెద్ద హోదాలో ఉన్నవాళ్లకి విలియమ్స్ అంటే వివరించక్కర్లేదు. న్యూ ఇంగ్లండ్ (అమెరికా ఈశాన్య రాష్ట్రాలు) నుంచి పడమరకి వలస వెళ్లిన చర్చి సంఘాలవాళ్లు తమ వెంట ఈ తరహా చదువునీ తీసుకెళ్లారు. ఒహాయోలో ఓబర్లిన్ (1833), అయోవాలో గ్రిన్నెల్ (1846) అలా వచ్చినవే. మిన్నెసోటాలో కార్ల్‌టన్, సెయింట్ ఓలాఫ్ రెండూ నార్త్‌ఫీల్డ్ అనే ఒకే చిన్న ఊళ్లో ఉన్నాయి, మెకలెస్టర్ సెయింట్ పాల్ నగరంలో ఉంది. వీటికి మిడ్‌వెస్ట్‌లో, అంటే ఉత్తర మధ్య రాష్ట్రాల్లో, గట్టి పేరుంది, తీరాల వైపు వెళ్లేకొద్దీ పలచబడుతుంది.

పశ్చిమాన కథ వేరు. 1862లో వచ్చిన మొరిల్ చట్టంతో కేంద్రం భూములిచ్చి ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకి ఊతమిచ్చింది. పశ్చిమ రాష్ట్రాలు ఎదుగుతున్న కాలం కూడా అదే. అందుకని కాలిఫోర్నియాలో చదువంటే ముందు బర్క్‌లీ, యూసీఎల్ఏ గుర్తొస్తాయి. పొమోనా, హార్వీ మడ్, క్లేర్‌మాంట్ మెకెన్నా, స్క్రిప్స్, పిట్జర్ అయిదూ పక్కపక్కనే ఆనుకుని ఉన్నా లాస్ ఏంజెలెస్‌లోనే తెలియనివాళ్లు దొరుకుతారు. అదే హార్వీ మడ్ పేరు సిలికాన్ వ్యాలీలో ఇంజినీర్ల మధ్య అంటే వెంటనే తలూపుతారు. దక్షిణాదిలో డేవిడ్‌సన్, వాషింగ్టన్ అండ్ లీ, సివానీ పేర్లకి పాత కుటుంబాల్లో, బ్యాంకుల్లో, లాయర్లలో విలువుంది. అట్లాంటాలోని స్పెల్మన్, మోర్‌హౌస్ నల్లజాతివారి కోసం ఏర్పడ్డ కాలేజీలు. మార్టిన్ లూథర్ కింగ్ 1948లో మోర్‌హౌస్‌లో పట్టా తీసుకున్నారు. ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాల్లో ఈ రెండు పేర్లకున్న గౌరవం దేశంలో ఏ మూలకి వెళ్లినా తగ్గదు. ప్రాంతమే కాదు, సమాజం కూడా పేరుని మోస్తుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మరి మన తెలుగువాళ్ల మధ్య పేరు మోసే దారి ఏది? ఎమ్మెస్. మనకి తెలిసిన అమెరికా యూనివర్సిటీ పేర్లలో చాలావరకు అన్నయ్యో, బావగారో, పక్కింటివాళ్ల అబ్బాయో ఎమ్మెస్‌కి వెళ్లడం వల్ల తెలిసినవే. యూటీ డాలస్, అరిజోనా స్టేట్, బఫెలో అంటే పల్లెటూళ్లో కూడా తలూపుతారు. ఎమ్మెస్ లేని కాలేజీకి మనవాళ్లు వెళ్లే దారే లేదు, కాబట్టి పేరు తిరిగొచ్చే దారీ లేదు. మా అక్కకి నేను చెప్పిన ముఖ్యమైన మాట ఇదే. "మనవాళ్లకి తెలియదు" అంటే "మనవాళ్లు ఇప్పటిదాకా అటు వెళ్లలేదు" అని మాత్రమే అర్థం.

నాలుగో అడుగు: ఆ పేరు ఎవరికి తెలియాలో రాసుకోవడం

అందరికీ తెలియక్కర్లేదు. మీ పిల్లకి తలుపు తెరిచేవాళ్లకి తెలిస్తే చాలు. ఒక కాగితం మీద మూడు ప్రశ్నలకి జవాబు రాయమనండి: డిగ్రీ అయ్యాక ఏం చేద్దామనుకుంటోంది, ఏ ఊళ్లో, ఎవరి ముందు దరఖాస్తు పెడుతుంది.

పీహెచ్‌డీకి వెళ్లాలనుకునే పిల్లకి ప్రాంతం పెద్ద అడ్డు కాదు. అడ్మిషన్లు చూసే ప్రొఫెసర్లకి ఈ కాలేజీలు బాగా తెలుసు. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డాక్టరేట్ తీసుకున్నవాళ్ల వివరాలు ఏటా సేకరిస్తుంది. డిగ్రీ చదివినవాళ్లలో ఎంత శాతం తర్వాత పీహెచ్‌డీ చేశారో చూస్తే హార్వీ మడ్, రీడ్, స్వార్త్‌మోర్, కార్ల్‌టన్, గ్రిన్నెల్ చాలా పైన కనిపిస్తాయి.

మెడిసిన్ అనుకుంటే పేరు కంటే సలహా వ్యవస్థ ముఖ్యం. ప్రీ-మెడ్ (డిగ్రీ తర్వాత మెడికల్ కాలేజీకి వెళ్లాలనుకునే పిల్లల) సలహాదారు ఉన్నారా, కాలేజీ కమిటీ తరఫున సిఫారసు లేఖ ఇస్తారా అని అడగండి. "మా పిల్లల్లో 80 శాతానికి మెడికల్ సీటొస్తుంది" లాంటి మాట చెబితే, మొదటి ఏడాది ప్రీ-మెడ్ అనుకున్నవాళ్లలోనా, చివరికి కమిటీ లేఖ ఇచ్చినవాళ్లలోనా అని అడగాల్సిందే. రెండో లెక్కలో వడపోత ముందే అయిపోయి ఉంటుంది. అమెరికా పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేని పిల్లలకి ఎక్కడ చదివినా మెడికల్ సీటు చాలా కష్టం, ఇది ముందే తెలిసుండాలి.

ఉద్యోగం అనుకుంటే ప్రాంతం నిజంగానే లెక్కలోకి వస్తుంది. డేవిడ్‌సన్ పక్కనే షార్లట్, అక్కడ పెద్ద బ్యాంకులున్నాయి. కార్ల్‌టన్, మెకలెస్టర్‌లకి మినియాపొలిస్ దగ్గర. పిల్ల సియాటిల్‌లోనో డాలస్‌లోనో స్థిరపడాలనుకుంటే ఆ ఊళ్లో ఆ కాలేజీవాళ్లు ఎంతమంది ఉన్నారో తేల్చుకోవాలి. ఒకేసారి వందలమందిని తీసుకునే కంపెనీలు పెద్ద క్యాంపస్‌లకే ముందు వెళతాయి, చిన్న కాలేజీ పిల్లలు తామే వెతుక్కుంటూ వెళ్లాల్సి రావచ్చు. డిగ్రీ అయ్యాక నేరుగా హైదరాబాద్ వచ్చి ఉద్యోగం చేయాలన్నది గట్టి ఆలోచన అయితే, తెలియని పేరు కొన్నేళ్లపాటు ఇబ్బంది పెడుతుందని నేను దాచకుండా చెబుతాను. ఇండియాలో ప్రభుత్వ ఉద్యోగానికో పీజీకో, ఆ డిగ్రీ మన డిగ్రీతో సమానమని చెప్పే ఈక్వివలెన్స్ సర్టిఫికెట్ కూడా అడగొచ్చు.

అయిదో అడుగు: వినికిడి పక్కన పెట్టి ఆధారాలు చూడటం

ముందు గుర్తింపు. కాలేజీకి అక్రెడిటేషన్ (చదువు ప్రమాణాలు చూసి ఇచ్చే గుర్తింపు) ఉందో లేదో అమెరికా విద్యాశాఖ వెబ్‌సైట్‌లో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. అది లేకపోతే ఇక ముందుకి వెళ్లక్కర్లేదు.

తర్వాత ర్యాంకు. యూఎస్ న్యూస్ సంస్థ నేషనల్ యూనివర్సిటీలకి ఒక పట్టిక, లిబరల్ ఆర్ట్స్ కాలేజీలకి వేరే పట్టిక వేస్తుంది. మా బంధువు ఒకాయన మొదటి పట్టికంతా వెతికి "విలియమ్స్ అసలు ర్యాంకులోనే లేదు" అన్నాడు. రెండో పట్టిక తెరిచి చూపిస్తే అన్నిటికంటే పైనుంది. మన కన్సల్టెన్సీల లిస్టులు ఎక్కువగా మొదటి పట్టిక నుంచి, అదీ ఎమ్మెస్ కోసం తయారైనవి.

నేను అన్నిటికంటే ఎక్కువ నమ్మేది లింక్డ్‌ఇన్. కాలేజీ పేజీ తెరిచి అల్యూమ్నై ట్యాబ్ నొక్కండి. చదివినవాళ్లు ఏ ఊళ్లలో ఉన్నారు, ఏ కంపెనీల్లో ఉన్నారు, ఏ పని చేస్తున్నారు అన్నీ లెక్కలతో కనిపిస్తాయి. అందులో మీకు కావాల్సిన ఊరు నొక్కి, పోయిన అయిదేళ్లలో డిగ్రీ అయినవాళ్లని మాత్రమే చూడండి. పాతికేళ్ల కిందట చదివి ఇప్పుడు వైస్ ప్రెసిడెంట్ అయినాయన్ని చూసి మురిసిపోతే మీ పిల్లకి దారి తెలియదు. నిన్న మొన్న వెళ్లినవాళ్లు చేరిన మొదటి ఉద్యోగం ఏదన్నది చూడాలి. మా పాప విషయంలో డాలస్‌లో కార్ల్‌టన్‌వాళ్లు కొద్దిమందే కనిపించారు, మినియాపొలిస్, షికాగోల్లో చాలామంది. అప్పటికే అక్క మనసు సగం కుదుటపడింది.

కెరీర్ సెంటర్‌కి మెయిల్ పెట్టి, డిగ్రీ అయిన ఆరు నెలలకి పిల్లలు ఏం చేస్తున్నారో చెప్పే నివేదిక అడగండి. అందులో "95 శాతం మంది స్థిరపడ్డారు" అని ఉంటే, మొత్తం పిల్లల్లో ఎంతమంది సమాచారం దొరికిందో కూడా చూడండి. సగం మంది జవాబే ఇవ్వకపోతే ఆ 95కి బలం తక్కువ. మన దేశం నుంచి వెళ్లిన పిల్లల లెక్క విడిగా ఇవ్వగలరా అని అడగడం మరిచిపోవద్దు. కాలేజ్ స్కోర్‌కార్డ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో జీతాల వివరాలుంటాయి కానీ అవి ఫెడరల్ సాయం తీసుకున్న అమెరికా విద్యార్థులవి. ఇండియా నుంచి వెళ్లే పిల్లలు ఆ లెక్కలో ఉండరు.

ఆరో అడుగు: డబ్బు, వీసా

పేరున్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీల్లో చాలావాటి మొత్తం ఖర్చు ఏడాదికి 80,000 డాలర్లు దాటుతుంది. ఆ అంకె చూసి భయపడి మూసేయకండి, చూసి కూడా అప్పుకి పరిగెత్తకండి. చాలా కాలేజీలు తమ అడ్మిషన్ల, సాయం లెక్కలతో ప్రచురించే కామన్ డేటా సెట్ అనే పత్రంలో హెచ్ అనే భాగంలో విదేశీ విద్యార్థుల్లో ఎంతమందికి, సగటున ఎంత సాయం ఇచ్చారో ఉంటుంది. ఆమ్‌హర్స్ట్, బోడన్ లాంటి కొన్ని కాలేజీలు సీటిచ్చేటప్పుడు విదేశీ పిల్లల ఆర్థిక స్థితిని చూడవు. చాలావాటిలో మాత్రం సాయం అడిగితే పోటీ పెరుగుతుంది. పేరు కోసం ఇల్లు తాకట్టు పెట్టడం నాకు ససేమిరా నచ్చదు, ఆ పేరు ఎంత పెద్దదైనా.

వీసా సంగతి క్లుప్తంగా: డిగ్రీ అయ్యాక ఓపీటీ (చదివిన రంగంలో అమెరికాలో పనిచేసుకునే అనుమతి) 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) కోర్సయితే మరో 24 నెలలు. ఎకనామిక్స్ లాంటి సబ్జెక్టు ఒక కాలేజీలో స్టెమ్ కిందికి వస్తుంది, ఇంకో దాంట్లో రాదు. వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద, కోర్సు ఏ వర్గానిదో చెప్పే సీఐపీ కోడ్ ఏదో చేరకముందే అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

ఏడో అడుగు: తెలియని పేరుని అప్లికేషన్‌లో అనుకూలంగా మార్చుకోవడం

ఇది ఇంకా అప్లై చేయని పిల్లల కోసం. ఒక కాలేజీ పేరు మీ ప్రాంతంలో ఎవరికీ తెలియదంటే అక్కడి నుంచి అప్లై చేసేవాళ్లూ తక్కువే ఉంటారు. కామన్ డేటా సెట్‌లో సీ7 అనే పట్టిక తెరిస్తే, విద్యార్థి ఉండే ప్రాంతానికీ, కాలేజీ మీద చూపించే ఆసక్తికీ ఆ కాలేజీ ఎంత విలువిస్తుందో రాసి ఉంటుంది. ఈ రెండూ లెక్కలోకి తీసుకునే కాలేజీ అయితే, ఫ్రిస్కో నుంచి మెయిన్ (Maine) రాష్ట్రానికో, గుంటూరు నుంచి అయోవాకో అప్లై చేసే పిల్ల ఫైలు కాస్త విడిగా కనిపించే వీలుంది. మన ప్రాంతం చూసే అడ్మిషన్స్ ఆఫీసర్ ఎవరో కాలేజీ వెబ్‌సైట్‌లో ఉంటుంది. వాళ్ల ఆన్‌లైన్ సమావేశానికి హాజరై, వెబ్‌సైట్‌లో దొరకని ఒక్క మంచి ప్రశ్న అడగమనండి. గొప్ప కాలేజీ అని పొగిడే వాక్యాలు అప్లికేషన్ వ్యాసంలో వద్దు, అక్కడ ఏ ప్రొఫెసర్ దగ్గర ఏం చదవాలనుకుంటోందో రాస్తే చాలు.

ఎనిమిదో అడుగు: ఇంట్లోవాళ్లకి చెప్పడం

తాతయ్యలూ అమ్మమ్మలూ అడిగేది ప్రేమకొద్దీ. వాళ్లకి ర్యాంకుల పట్టిక చూపించి లాభం లేదు, తెలిసిన మనిషి ద్వారా చెప్పాలి. ఇంటెల్ కంపెనీ పెట్టిన ఇద్దరిలో ఒకరైన రాబర్ట్ నోయ్స్ చదివింది గ్రిన్నెల్‌లో. ఐక్యరాజ్యసమితిని నడిపిన కోఫీ అన్నన్ మెకలెస్టర్ విద్యార్థి. హిల్లరీ క్లింటన్ వెల్స్‌లీలో, రచయిత్రి ఝుంపా లాహిరి బర్నార్డ్‌లో చదివారు. ఒబామా మొదటి రెండేళ్లు చదివింది ఆక్సిడెంటల్ కాలేజీలో. స్టీవ్ జాబ్స్ అందమైన అక్షరాలు రాయడం నేర్చుకున్నానని స్టాన్‌ఫర్డ్ ఉపన్యాసంలో చెప్పిన కాలేజీ పోర్ట్‌లాండ్‌లోని రీడ్. ఆ ఉపన్యాసం మన పిల్లలు వందసార్లు విన్నారు, కాలేజీ పేరు మాత్రం చెవిన పడలేదు. మా నాన్నకి కోఫీ అన్నన్ పేరు చెప్పి, ఆయన చదివిన కాలేజీకి మనమరాలి కాలేజీ గంట దూరంలోపే ఉంది నాన్నా అన్నాను. అప్పటినుంచి పక్కింటివాళ్లకి ఆయనే చెబుతున్నారు.

చివరగా తేదీలు. చాలా కాలేజీలకి జవాబు చెప్పాల్సిన గడువు మే 1. ఏప్రిల్ రెండో వారంలోపు లింక్డ్‌ఇన్ లెక్కలు, కెరీర్ నివేదిక, సాయం ఉత్తరం మూడూ ఒక ఫైల్లో పెట్టుకోండి. మూడో వారంలో ఆ కాలేజీలో ప్రస్తుతం చదువుతున్న మన దేశపు విద్యార్థి ఒకరితో, ఈమధ్యే డిగ్రీ అయిన ఒకరితో మాట్లాడించమని అడ్మిషన్స్ ఆఫీసుకి మెయిల్ పెట్టండి. మాకు రెండు రోజుల్లో జవాబొచ్చింది. ఆ ఫోన్లలో మాట్లాడాల్సింది మీ పిల్ల, మీరు పక్కన కూర్చుని వినండి.